ఒక్కరు కూర్చునే అరుగు

గుంటూరులో మా ఇంటికి వీధి తలుపు పెట్టించడం దండగ అని నేను చాలాసార్లు అన్నాను. పొద్దున్నే తీస్తే మళ్ళీ పడుకోబోయే ముందు వేయడమే. మధ్యలో ఎవరు వస్తారో, ఎంతమంది వస్తారో, ఎన్నాళ్ళు ఉంటారో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయనది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఇంటికి పెద్దకొడుకు, బ్యాంకులో ఉద్యోగం, పైగా మిర్చి యార్డుకి దగ్గర్లో సొంత ఇల్లు. ఇంక చుట్టాలకి వేరే చిరునామా ఎందుకు? యార్డుకి మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, వేసుకొచ్చినవాళ్ళు ధర నచ్చేదాకా మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. స్కానింగుకి వచ్చినవాళ్ళు రిపోర్టు వచ్చేదాకా, కోచింగుకి వచ్చిన పిల్లలు సీటు వచ్చేదాకా ఉండేవాళ్ళు. పెళ్ళిచీరలకి మంగళగిరి వెళ్ళేవాళ్ళు ముందు మా ఇంట్లో టిఫిను చేసి, నన్ను కూడా వెంటేసుకుని వెళ్ళేవాళ్ళు.

వచ్చినవాళ్ళని మా ఆయన పలకరించే తీరు ఒకటుంది. చెప్పులు విడవకముందే, ముందు కాళ్ళు కడుక్కోండి, భోంచేద్దురు గాని అంటారు. ఆ వెంటనే లోపలికి కేకేస్తారు, ఇంకో గ్లాసు బియ్యం పడెయ్యమని. అన్నం తినకుండా మా గడప దాటినవాళ్ళు లేరని వాళ్ళ ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. మా ఆయన పేరే చెప్పుకుంటారు లెండి, వండింది నేనైనా.

నేను లెక్కల టీచర్ని. బడి నుంచి వచ్చి కొంగు బొడ్లో దోపుకుంటే మళ్ళీ బడికి బయల్దేరేదాకా దించే పని ఉండేది కాదు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఉత్త చేతులతో వచ్చేవాళ్ళూ కారు. గోంగూర, కందిపప్పు, కొత్త కారం, ఏదో ఒకటి మూటగట్టుకునే వచ్చేవాళ్ళు. యార్డు నుంచి వచ్చినవాళ్ళ బట్టలతోపాటు మిరప ఘాటు కూడా ఇంట్లోకి వచ్చేది. దుప్పట్లు ఉతికినా పోయేది కాదు. వేసవి అంతా నేను దగ్గుతూనే వండేదాన్ని. అయినా నాకు అసలు కష్టం ఆ ఘాటు కాదు. ఒక్క గ్లాసు కాఫీ వేడిగా ఉండగా, కూర్చుని, ఎవరూ పిలవకుండా తాగాలని ఉండేది. అదీ ఒక కోరికేనా అని నవ్వకండి. ఏళ్ళ తరబడి నా కోరిక అదే.

మా పుట్టిల్లు పర్చూరు వైపు. చిన్నప్పుడు కార్తీకమాసంలో మా ఊరివాళ్ళంతా బండ్లు కట్టుకుని సముద్రస్నానానికి వెళ్ళేవాళ్ళు. ఒక ఏడు మా అమ్మ నన్ను ఒడ్డున కూర్చోబెట్టి, పొడిబట్టల మూటకి కాపలా ఉండమని నీళ్ళలోకి దిగింది. ఆ కాసేపూ నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ పని చెప్పలేదు. సముద్రం అంటే నాకు ఇప్పటికీ అదే. అందుకే రిటైరవగానే, మా నాన్న పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం అమ్మేసి, చీరాల అవతల సరుగుడు తోటల పక్కన ఇసుకలో కాస్త స్థలం కొన్నాను. మా ఆయన వద్దనలేదు. నీ పొలం, నీ ఇష్టం అన్నారు.

నా లెక్క నాకుంది. అక్కడ యార్డు లేదు, పెద్దాసుపత్రి లేదు, కోచింగు లేదు. అక్కడ ఎవరికైనా ఏం పనుంటుంది? ఇన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, నా లెక్కలో ఒకటి వదిలేశాను. అక్కడ సముద్రం ఉంది. సముద్రం చూడ్డానికి మనుషులు వస్తారన్న సంగతి, చిన్నప్పుడు బండెక్కి వెళ్ళినదాన్నే అయినా, నా బుర్రకి తట్టనే లేదు.

ఇల్లు గీయడానికి విజయవాడ నుంచి ఒక ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. జీన్సు ప్యాంటు, పొట్టి జుట్టు, చేతిలో ల్యాప్‌టాప్. మీకోసం, మీకు తగ్గట్టుగా, మీలాగా ఉండే ఇల్లు గీస్తానంది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాంటి ఇల్లు కావాలి ఆంటీ అని అడిగితే, ఎప్పటినుంచో నోట్లో నానుతున్న జవాబు చెప్పేశాను.

"ఒక్క పడకగది. రెండో గది ఉండకూడదు."

ఆ అమ్మాయి మొదట మర్యాదగా నవ్వింది. గెస్ట్ రూమ్ ఒకటి ఉంటే బాగుంటుంది ఆంటీ, అందరూ పెట్టించుకుంటారు అంది. అందుకే వద్దంటున్నానమ్మా అన్నాను. మేడమీదికి మెట్లు కూడా వద్దన్నాను. మెట్లుంటే ఎక్కేవాళ్ళుంటారు, ఎక్కినవాళ్ళు ఇక్కడో గది వేసుకుంటే బాగుంటుంది అంటారు. ఆ అమ్మాయి మా ఆయన వైపు తిరిగి, సార్, మీకేం కావాలి అని అడిగింది. ఆయన పేపరు చదువుకుంటున్నారు. నాదేముందమ్మా, ఆవిడ ఎలా చెబితే అలా అన్నారు. నేను సంతోషించాను.

ఇంక నా ముచ్చట ఒకటే మిగిలింది. సముద్రానికి ఎదురుగా తూర్పు గోడకి ఆనించి, ఆరుబయట, సిమెంటుతో ఒక అరుగు కావాలన్నాను. కుర్చీలు వద్దు. కుర్చీ అయితే ఎవరో ఒకరు లోపలికి ఈడ్చుకుపోతారు. ఆ అమ్మాయి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మోకాళ్ళ ఎత్తు, నడుము వంపు, మోచెయ్యి ఆనే చోటు, అన్నీ టేపుతో కొలిచింది. జాకెట్టుకి కొలతలిచ్చినట్టే ఇచ్చాను. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి పక్కన చిన్న గట్టు కూడా గీసింది. అంతా అయ్యాక, పొడుగ్గా వేద్దామా ఆంటీ, ఇద్దరు కూర్చునేలా అంది.

"వద్దమ్మా. ఇద్దరికి వేస్తే నలుగురు కూర్చుంటారు," అన్నాను.

మా ఆయన పేపరు తిప్పారు. ఆ చప్పుడు నాకు వినిపించింది. అంతకుమించి నేను పట్టించుకోలేదు.

పని మొదలయ్యాక వారానికోసారి కారులో వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. మొదట్లో మేమిద్దరమే. తర్వాత మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, మేమూ చూస్తాం అని ఒకసారి వచ్చారు. ఆవిడది పెద్ద గొంతు, పెద్ద మనసు. పునాదుల మధ్య ఇసుకలో చీర కాస్త ఎత్తి పట్టుకుని తిరుగుతూ, ఇది హాలు, ఇది వంటిల్లు, ఇది మీ గది, సరే మరి మా గది ఏది అమ్మాయ్ అన్నారు.  మా ఆయన నావైపు చూడకుండా, ఉంటుందిలే అక్కా, అన్నీ ఉంటాయి అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, ఏముంటాయి, ఎక్కడుంటాయి అని. మాటవరసకన్నానే, ముఖం మీద లేదని ఎలా చెబుతాం అన్నారు. ఆయన జన్మలో లేదన్న మాట ఎవరికీ చెప్పలేదు. ఆ మాట దాచుకున్నదంతా నాకోసమే.

స్లాబు వేసే రోజు పనివాళ్ళకి మాంసం వండి పెట్టడం మా వైపు ఆనవాయితీ. అంతవరకూ నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు పనివాళ్ళ కంటే ముందు నాలుగైదు కార్లు దిగాయి. ఆయన ఫ్యామిలీ గ్రూపులో లొకేషన్ పెట్టారట. సరుగుడు చెట్ల కింద గాడిపొయ్యి తవ్వించి, డేగిశాలు ఎక్కించి, నేను మళ్ళీ కొంగు దోపుకున్నాను. ఏవండీ, ఆకులు తెండి. ఏవండీ, నీళ్ళ క్యాను ఎక్కడ. ఏవండీ, వదినగారికి పెరుగు వేయించండి. సాయంత్రం దాకా అదే పని. వెనక సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది గానీ వెనక్కి తిరిగి చూసే తీరిక ఎక్కడిది?

అందరూ వెళ్ళాక తలెత్తి చూస్తే స్లాబు మీద చువ్వలు కనిపించాయి. పిల్లర్ల నెత్తిన, ఒక్కో మూలా గుత్తులు గుత్తులుగా, మనిషి నడుమంత ఎత్తున నిలబడి ఉన్నాయి. మా గుంటూరులో, మా పల్నాటి ఊళ్ళల్లో ఇది మామూలే. ఎంతటివాడైనా ఇల్లు కట్టి పైన చువ్వలు వదిలేస్తాడు, ఎప్పటికైనా పై అంతస్తు వేసుకోవచ్చని. వేసినా వేయకపోయినా అవి అలా ఆకాశంలోకి చూస్తూనే ఉంటాయి. మా గుంటూరు ఇంటి మీద కూడా ఉన్నాయి. కానీ ఇక్కడ వద్దని నేను చెప్పాను. కాగితం మీద లేవు. మేస్త్రీని అడిగితే, సారు వదలమన్నారమ్మా అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఎందుకండీ ఇవి అని అడిగితే, ఉంటే తప్పేంటే, అన్నం పెట్టమంటున్నాయా అన్నారు. అవి అన్నం అడగవు, వాటి మీద లేచే గదులు అడుగుతాయి అన్నాను. ఆయన నవ్వేసి కారెక్కారు. ఆ రాత్రే ఆర్కిటెక్టు అమ్మాయికి ఫోను చేశాను. ఆ అమ్మాయికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. సముద్రం గాలికి అవి ఇట్టే తుప్పు పడతాయి ఆంటీ, తుప్పు పిల్లర్లోకి దిగితే మొత్తం పాడవుతుంది, వెంటనే కోయించి సిమెంటు పూయించండి అంది. మా ఆయన విన్నారు. విని, గుంటూరులో చేసినట్టే, ఖాళీ నీళ్ళ సీసాలు తెప్పించి చువ్వలకి బోర్లించారు. ఎర్రటి ఎండల్లో పొడిగాలిలో బతికిన మనిషికి ఉప్పుగాలి సంగతి ఎలా తెలుస్తుంది? మొదటి గాలివానకే ఆ సీసాలు ఎగిరి సరుగుడు తోటలో పడ్డాయి.

గృహప్రవేశానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చాయి. తెల్లటి గోడలు, మూల నుంచి మూలకి అద్దాల తలుపులు, అడ్డుగోడ ఒక్కటీ లేని హాలు, హాల్లోకే కలిసిపోయిన వంటిల్లు. నిలబడి వండుతూ సముద్రం చూడొచ్చని ఆ అమ్మాయి అంత ముచ్చటగా గీసింది. పాలు పొంగించాను. పొంగించిన ఆ పొయ్యి దగ్గరే రోజంతా ఉన్నాను. అందరూ వచ్చి అద్దంలోంచి చూసి, అబ్బ, నీదే అదృష్టం, సముద్రం చూస్తూ వంట అన్నారు.

ఆ రాత్రి తెలిసింది నాకు, నేను చేసిన పని ఏమిటో. ఒక్కటే గది ఉంటే ఎవరూ ఉండరనుకున్నాను కదా. మా వాళ్ళకి గదులు ఎప్పుడు కావలసొచ్చాయి? పత్తి బోరాల మధ్య, మిరప కల్లాల్లో పట్టా పరుచుకుని నిద్రపోయేవాళ్ళు. గది లేకపోతేనేం అమ్మాయ్, ఎంత హాలుంది అంటూ మా వదిన చాపలు పరిపించారు. అడ్డుగోడల్లేని నా మోడరన్ హాలు పెళ్ళివారి విడిదిలా ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. గుంటూరు ఇంట్లో గదులుండేవి కాబట్టి కనీసం తలుపేసుకునేదాన్ని. ఇక్కడ ఆ ఒక్క గదీ పెద్దవాళ్ళు కదా అని వదినకీ, వాళ్ళాయన అన్నయ్యగారికీ ఇచ్చేసి, నేను ఫ్రిజ్ పక్కన పడుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఫ్రిజ్ చప్పుడు వింటూ ఏడ్చాను.

తర్వాత గుంటూరు ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడికే వచ్చేశాం. శనివారం వచ్చిందంటే చాలు, గేటు దగ్గర హారను. ఇసుక కాళ్ళతో లోపలికి రావడం, తడి తువ్వాళ్ళు నా అరుగు మీద ఆరేయడం, చేపలు తెచ్చి ఇవి కాస్త పులుసు పెట్టమనడం. ఏ వారమూ తప్పేది కాదు. కార్తీకమాసంలో అయితే రోజు విడిచి రోజు. మా వదిన వచ్చినప్పుడల్లా నా అరుగు మీదే కూర్చునేవారు. చిత్రం, సరిగ్గా నా నడుముకి కుట్టించినట్టుంది అమ్మాయ్ అనేవారు. నేను కిటికీలోంచి ఆవిడ వీపు చూస్తూ చేపలు తోమేదాన్ని. వాళ్ళు వెళ్ళిన తర్వాత వచ్చే మామూలు రోజుల్లో నాకు ఒళ్ళు నొప్పులు, ఆయనకి టీవీ. దుప్పట్లు ఉతకడం, మళ్ళీ శనివారానికి సరుకులు తెప్పించుకోవడం. అరుగు మీద కూర్చునేంత ఓపిక ఎప్పుడూ మిగిలేది కాదు.

వానలు వెళ్ళేసరికి ఆ అమ్మాయి చెప్పినట్టే అయింది. చువ్వలు తుప్పు పట్టి, ఆ నీళ్ళు గోడ మీదుగా ఎర్రగా చారలు కట్టాయి. ఒక చార తిన్నగా దిగి నా అరుగు మీద, సరిగ్గా వీపు ఆనించే చోట పడింది. బ్రష్షుతో గీకాను, నిమ్మకాయ రుద్దాను, ఏదో యాసిడ్ తెప్పించి పోశాను. పోలేదు. చూశారా అని ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చూసి, అయితే కోయించడం దేనికి, పైన ఎలాగూ రెండు గదులు వేసేస్తే సరిపోతుంది కదా, చువ్వలు కప్పబడిపోతాయి, వచ్చినవాళ్ళకి ఇబ్బంది ఉండదు అన్నారు. చాలా మామూలుగా అన్నారు.   నా పొలం అమ్మి, నేను గీయించుకున్న ఇల్లు, నా నెత్తి మీదే మళ్ళీ గుంటూరు ఇల్లయిపోతోంది. దీన్నుంచి పారిపోవడానికి ఇంకెక్కడికి పోవాలి? అవతల సముద్రమేనాయె.

ఆ వారం శుక్రవారం మా వదిన నాకు ఫోను చేశారు. ఆవిడ నాకు నేరుగా చెయ్యడం తక్కువ. గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఏమనుకోకు అమ్మాయ్. ఈ వారం రాలేం. మీ అన్నయ్యకి మోకాళ్ళు, నాకు బి.పి. మీ ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు, రమ్మని, రాకపోతే ఊరుకోనని. ప్రతి వారం అంత దూరం మా వల్ల అవుతుందా చెప్పు. నువ్వైనా కాస్త నచ్చజెప్పు."

 ఇన్నాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారనుకుంటున్నాను. నేను వాళ్ళని తిట్టుకోని శనివారం లేదు. పిలుస్తున్నది ఈయన. బతిమాలి పిలుస్తున్నారు. వదిననే కాదు, అందరినీ. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం, కానీ ఆ రోజు వచ్చింది అలాంటి కోపం కాదు. అరవలేదు. మేస్త్రీకి ఫోను చేసి, పొద్దున్నే కటింగ్ మెషినూ, ఒక బస్తా సిమెంటూ తీసుకుని రమ్మన్నాను.

మర్నాడు మేస్త్రీ నిచ్చెన వేసుకుని స్లాబెక్కాడు. ఒక మనిషి కింద సిమెంటు కలుపుతున్నాడు. మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వచ్చారు. శనివారం కదా, ఎవరో ఒకరు వస్తారన్న ఆశ. చేతిలో సంచీ కూడా ఉంది, చీరాల వెళ్ళి కూరగాయలు తేవడానికి. పైకి చూశారు, నన్ను చూశారు.

మీ అక్కగారు ఫోను చేశారు అన్నాను. మీరు రోజూ పిలుస్తున్నారటగా, నన్ను ఈ పొయ్యి దగ్గర చంపేద్దామనా మీ ఉద్దేశం అన్నాను. నలభై ఏళ్ళు చాలలేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. పైన మేస్త్రీ వింటున్నాడని కూడా చూసుకోలేదు.

 ఆయన ఆ అరుగు వైపు చూస్తూ మాట్లాడారు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"నలుగురూ ఉన్నప్పుడే నువ్వు నన్ను పిలుస్తావే. ఏవండీ ఆకులు తెండి, ఏవండీ పెరుగు వేయించండి, అని. వాళ్ళు కారెక్కారంటే మళ్ళీ శనివారం దాకా నాతో నీకు ఒక్క మాట ఉండదు. నేను ఆ టీవీ ముందు కూర్చుని ఎదురుచూస్తుంటాను. నువ్వు ఈ ఇల్లు గీయించినప్పుడు నేనక్కడే ఉన్నాను. అరుగు ఎంతమందికని ఆ పిల్ల అడిగింది. నువ్వు చెప్పింది నేను విన్నాను."

 అది చుట్టాల్ని తప్పించుకోవడానికి అన్న మాటే గానీ మిమ్మల్ని కాదు అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడు ఆ అమ్మాయి కొలతలు తీస్తుంటే ఆయన ఎక్కడ కూర్చుంటారన్న ఆలోచన నాకు వచ్చిందా అంటే, రాలేదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆయన మీద జాలి వేసింది. వెంటనే ఆ జాలి మీద కోపం వచ్చింది. ఒక్క మాట కోసం నాతో ఊరంతటికీ వండిస్తారా? ఆ మాట మామూలుగా అడగొచ్చు కదా? అడిగితే నేను మాట్లాడేదాన్నా అంటే, అదీ తెలియదు.

పైనుంచి మేస్త్రీ తొంగి చూశాడు. "కొయ్యమంటారా అమ్మా, ఆపమంటారా?"

మా ఆయన తల ఎత్తలేదు. వద్దని ఆయనే చెప్పొచ్చు. ఆయన మాట మేస్త్రీ వింటాడు, చువ్వలు వదలమన్నప్పుడు విన్నాడు కదా. చెప్పలేదు.

"కొయ్యి," అన్నాను.

మధ్యాహ్నం దాకా ఆ మెషిను చప్పుడే. కోసిన చువ్వ ముక్కలు ఒక్కొక్కటే ఇసుకలోకి విసిరాడు. మొండేల మీద సిమెంటు పూసి, తడిగోనె కప్పి, కూలి తీసుకుని నిచ్చెన భుజాన వేసుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను పప్పూ అన్నం వండాను. ఎక్కువే వండేశాను, చెయ్యి అలవాటు. ఇద్దరం తిన్నాం.  గేటు దగ్గర హారను లేదు. ఫోను మోగలేదు.

సాయంత్రం కాఫీ పెట్టుకున్నాను. ఆయనకి ఒక గ్లాసు టీవీ దగ్గర పెట్టి, నాది తీసుకుని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. గృహప్రవేశం అయిన దగ్గర్నుంచి అదే మొదటిసారి నేను దాని మీద కూర్చోవడం. నడుముకి సరిగ్గా సరిపోయింది. మోచెయ్యి పెట్టాల్సిన చోట పెట్టాను, గ్లాసు గట్టు మీద పెట్టాను. ఎదురుగా సముద్రం, ఎవరూ లేని ఒడ్డు, వేడి కాఫీ. ఎవరూ పిలవడం లేదు. ఏళ్ళ తరబడి కోరుకున్నది అక్షరాలా నా ముందుంది. లోపల ఆయన టీవీ కట్టేశారు. తర్వాత ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆయన గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు బయటికి వినిపించింది.

కాఫీ సగం తాగేసరికి నాకు అరుగు ఇరుకనిపించింది. ఇటు అరుగు అంచు, అటు అరుగు అంచు. పక్కకి జరగబోతే జరగడానికి లేదు, నా కొలతలకే పోయించాను కదా. గట్టు మీంచి గ్లాసు తీసేసి కింద ఇసుకలో పెట్టాను. అయినా చోటు రాలేదు. ఆయన్ని పిలవాలనుకున్నాను. పిలిచి ఏం చెప్పాలి? రండి, సముద్రం చూడండి అనాలా? ఎప్పుడైనా అన్నానా? 

"ఏవండీ," అన్నాను చివరికి.

లోపల కుర్చీ చప్పుడయింది. వెంటనే వచ్చేశారు. పొద్దుటి ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు. అద్దాల తలుపు జరిపి, గుమ్మంలో నిలబడి, "ఏం తేవాలి?" అన్నారు.

చేతిలో సంచీ ఉంది.